రెండు వేళ్ళ లూజు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా కిందికి వేలాడుతూ ఉంది. వాన పడలేదు. ఎండా రాలేదు. తొమ్మిదయినా వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. పదకొండింటికి గాలి మొదలైంది. బడి పైకప్పు మీద రేకు ఒకటి లేచి టపటపా కొట్టుకోసాగింది. హెడ్మాస్టరు బయటికి వచ్చి ఒకసారి రేకు వంక, ఒకసారి పిల్లల వంక చూశారు.

"ఇవాళ్టికి చాలు. తిన్నగా ఇళ్ళకి పొండి," అన్నారు.

అలా నాలుగింటికి ఇల్లు చేరాల్సిన బాబిన్ ఆ రోజు పన్నెండింటికే చేరింది.

బాబిన్ అంటే కుట్టుమిషన్ అడుగున దారం చుట్టి పెట్టే చిన్న చక్రం. ఈ బాబిన్ మాత్రం పదేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ దర్జీ. నడక వచ్చిన రోజు నుంచి మిషన్ చుట్టూ గిరగిరా తిరుగుతోందని అమ్మే ఆ పేరు పెట్టింది. అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. అక్కడ తప్ప ఇంకెక్కడా దానితో పని పడలేదు.

గేటు తీయబోయి బాబిన్ ఆగింది. ముందు గది కిటికీలోంచి తాతయ్య కనిపించాడు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తున్నాడు. నెమ్మదిగానే అయినా నిటారుగా నడుస్తున్నాడు. దేన్నీ పట్టుకోలేదు.

ఆయనవి ఒట్టి కాళ్ళు. బాబిన్ కుట్టి ఇచ్చిన నీలం బట్ట చెప్పులు రెండూ ఆయన చంకలో ఉన్నాయి.

బాబిన్ గేటు ఊచల మధ్య నుంచి మళ్ళీ చూసింది.

ఆ చెప్పుల వెనక పెద్ద కథే ఉంది. తాతయ్య కరెంటు లైన్‌మన్. ముప్పై నాలుగేళ్ళు స్తంభాలెక్కాడు. గాలిలో, వానలో, చీకట్లో ఎక్కాడు. ఒక్కసారి కూడా పడలేదు. అలాంటి మనిషి పోయినేడు సొంత ఇంట్లో, స్నానాల గది ముందు పరిచిన తడి గోనెపట్టా మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. తర్వాత ఫిజియో అక్క వారానికి రెండుసార్లు వచ్చి, పసిపిల్లాడికి నేర్పినట్టు ఒక్కో అడుగూ నేర్పింది.

వెళ్ళిపోయే రోజున ఆమె అమ్మని వాకిట్లోకి పిలిచి చెప్పింది. "ఇంకోసారి పడితే మళ్ళీ నడిపించడం నా వల్ల కాదండీ. ఎవరి వల్లా కాకపోవచ్చు. నేల చల్లగా ఉంది, కాళ్ళకి ఏమైనా వేయించండి."

తలుపు చాటు నుంచి బాబిన్ ఆ మాట విన్నది. మర్నాడే పని మొదలుపెట్టింది.

కొలత తెలియాలి. తాతయ్య నిద్రపోతున్నప్పుడు ఆయన పాత బూటు తెచ్చి టేపు పెట్టి కొలిచింది. దానికి రెండు వేళ్ళు కలిపింది. అది అమ్మ సూత్రం. "పిల్లల బట్టకి రెండు వేళ్ళ లూజు వదలాలి. బిగించి కుడితే ఏడాది తిరక్కుండా మన పేరు చెప్పి తిట్టుకుంటారు," అని అమ్మ ప్రతి చొక్కాకీ అంటుంది. తాతయ్య కాళ్ళకి మాత్రం హాయిగా ఉండొద్దా?

పైన మందపాటి నీలం ఉన్ని బట్ట వేసింది. అడుగున కోటు లైనింగులో మిగిలిన నీలం సాటిన్ ముక్క వేసింది. వేలు ఆనిస్తే నీళ్ళలా జారిపోయే బట్ట అది. ఇంట్లో ఉన్న ముక్కలన్నిటిలో అందమైనది. అడుగున వేస్తే ఎవరికీ కనిపించదని తెలుసు. కనిపించనంత మాత్రాన తాతయ్యకి తక్కువ రకం ఎందుకు వేయాలి?

నాలుగు సాయంత్రాలు పట్టింది. అమ్మ బడి యూనిఫాముల ఆర్డరులో మునిగిపోయి ఉంది. చెప్పులు పైనుంచి చూసి, "కుట్టు తిన్నగా వచ్చిందే," అని మళ్ళీ మిషన్ వైపు తిరిగింది.

తాతయ్య వాటిని తొడుక్కుని, కాళ్ళు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"బాగున్నాయా తాతయ్యా?"

"బ్రహ్మాండం."

ఆ రోజు నుంచి బాబిన్ ఆ మాట ఉదయం ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి అడిగేది. ప్రతిసారీ బ్రహ్మాండమే. ఈ మధ్య తాతయ్య గోడ పట్టుకుని నడవడం ఆమె చూసింది. ముసలితనం కాబోలు అనుకుంది.

ఇప్పుడు చూస్తే గోడా లేదు, చెప్పులూ లేవు.

బాబిన్ గేటు తోసింది. అది ఎప్పటిలాగే కిర్రుమంది.

లోపల తాతయ్య ఉలిక్కిపడ్డాడు. చంకలోని చెప్పులు నేల మీద పడేసి గబగబా కాళ్ళు దూర్చాడు. ఒక అడుగు వేశాడు. రెండో అడుగు పడీపడక ముందే కుడి చెప్పు ముందుకి జారిపోయింది. కాలు దానితోపాటే పోయింది.

బాబిన్ కిటికీ దగ్గరికి ఉరికి, ఊచలు పట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

తాతయ్య రెండు చేతులూ గాలిలోకి లేచాయి. బట్ట కత్తిరించే బల్ల అంచు దొరికింది. స్తంభాలు పట్టుకున్న చేతులవి, దొరికినదాన్ని వదల్లేదు. బల్ల ఒరిగింది. టేపు, కత్తెర, డిజైన్లు అచ్చు వేసే సుద్దపొడి డబ్బా ఒకదాని వెనక ఒకటి కింద పడ్డాయి. తెల్లటి పొడి లేచి నేలంతా పరుచుకుంది. ఒక మోకాలు నేలకి కొట్టుకుంది. ఆయన బల్లకి వేలాడుతూ కాళ్ళు ఆనించడానికి చూశాడు. చెప్పులు జర్రున జారాయి. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ జారాయి. చివరికి రెంటినీ విదిలించి పారేసి ఒట్టి పాదాలు మోపాడు.

నిలబడ్డాడు.

వంటింట్లోంచి అమ్మ పరిగెత్తుకొచ్చేసరికి బాబిన్ కూడా గుమ్మంలో ఉంది.

"పొడి మీద జాగ్రత్త నాన్నా. నన్ను పట్టుకో." అమ్మ ఆయన మోచెయ్యి కింద చెయ్యి వేసి అడుగులో అడుగు వేయిస్తూ కుర్చీ దాకా తీసుకెళ్ళింది. "దెబ్బ తగిలిందా? తుంటి కదులుతోందా?"

"కదులుతోంది. మోకాలు నేలని పలకరించింది, అంతే."

అమ్మ నవ్వలేదు. ఆయన లుంగీ అంచు పైకెత్తి మోకాలు చూసింది. చర్మం గీరుకుంది. ఎముకకి ఏం కాలేదు. అది చూశాక ఆమె నేల మీదే కూర్చుండిపోయింది.

"నేను గేటు తీయబట్టే," అంది బాబిన్.

నేల మీద పడున్న చెప్పుల వంక చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి విప్పేస్తున్నావు తాతయ్యా?"

"రెండో రోజు నుంచి."

"మరి బ్రహ్మాండం అన్నావుగా."

తాతయ్య మోకాలి మీద ఊదుకున్నాడు. "నువ్వు అడిగే తీరు అలాంటిది మరి. ప్రశ్న నోట్లో ఉంటుంది, జవాబు నీ ముఖం మీదే ఉంటుంది. నేను అది చదివి అప్పజెప్పేవాణ్ణి."

అమ్మ ఒక చెప్పు అందుకుంది. మడమ వైపు బొటనవేలు పెట్టి చూసింది. తిరగేసి సాటిన్ మీద అరచెయ్యి రాసింది.

"రెండు వేళ్ళు వదిలావా?"

"నువ్వే చెప్తావుగా."

"చొక్కాకి చెప్తానే తల్లీ. చొక్కా మనిషిని మొయ్యదు." ఒక్క క్షణం ఆగి అంది, "నేనైనా అడుగు తిరగేసి చూడాల్సింది. కుట్టు చూసి ఊరుకున్నాను."

చీపురు కోసం లేవబోయింది.

"అమ్మా, ఊడ్చకు," అంది బాబిన్.

ఆమె నేల వంక చూస్తోంది.

తెల్లటి పొడిలో తాతయ్యవి రెండు రకాల గుర్తులున్నాయి. బల్ల దగ్గరవి చెప్పులవి. వాటిని గుర్తులు అనడానికి కూడా లేదు. చీపురుతో ఈడ్చినట్టు పొడవాటి చారలు. అడుగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియదు.

బల్ల దగ్గర నుంచి కుర్చీ దాకా తాతయ్య ఒట్టి కాళ్ళ గుర్తులు. ఒక్కొక్కటీ అచ్చు గుద్దినట్టుంది. ఐదు వేళ్ళు, ఐదు చిన్న గుండ్రాలు. వాటి వెనక వెడల్పాటి మెత్త. బయటి అంచు వెంట సన్నటి పట్టీ. చివర మడమ. మెత్త మీద అడ్డంగా చర్మపు గీతలు కూడా పడ్డాయి. మధ్యలో మాత్రం పొడి చెదరకుండా అలాగే ఉంది.

బాబిన్ నేల మీద బోర్లా పడుకుని చెంప ఆనించి చూసింది.

"తాతయ్యా, నీ పాదం మధ్యలో ముక్క ఏది?"

"అది నేలని తాకదు. అది వంతెన. కింద ఖాళీ ఉంటుంది. బరువంతా ఆ గట్టు మీదా ఈ గట్టు మీదా పడుతుంది."

"ఎవరు కట్టారు?"

"నన్నడిగితే ఎలా? నేను పుట్టేసరికే ఉంది."

బాబిన్ గుర్తులు లెక్కపెట్టింది. ఏడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఎక్కడా రెండు పక్కపక్కన లేవు.

"అంటే నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక కాలు గాల్లోనే ఉంటుందా?"

"దాదాపు అంతే."

"మరి మనిషంతా?"

"నేల మీద ఉన్న ఆ ఒక్క కాలి మీదే."

బాబిన్ లేచి నిలబడింది. ఒక అడుగు, చాలా నెమ్మదిగా, వేసింది. ఒక కాలు లేవగానే ఒళ్ళంతా రెండో కాలి మీదికి వాలింది. కింద వేళ్ళు ఐదూ వాటంతట అవే నేలని పట్టుకున్నాయి. చీలమండ అటూ ఇటూ సన్నగా వణికి సర్దుకుంది. ఆమె వాటికి ఏమీ చెప్పలేదు. వాటికే తెలుసు. తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది, ఒక్కసారి కూడా ఈ సంగతి చూడలేదు.

గాలికి జడుస్తూ ఇంటికి పరిగెత్తిన బడి పిల్లలంతా, రేకు వంక చూస్తూ నిలబడ్డ హెడ్మాస్టరు, వంటింటి నుంచి వచ్చిన అమ్మ, అందరూ ఇలాగే. అరచేతి వెడల్పు చోటు మీద ఇంత మనిషి. పడబోవడం, ఆపుకోవడం. పడబోవడం, ఆపుకోవడం. ఎవరూ చప్పట్లు కొట్టరు.

బాబిన్ తాతయ్య వైపు తిరిగింది.

"స్తంభం మీద కూడా ఇంతేనా?"

తాతయ్య తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు కాస్త ఎక్కువ మాట్లాడాడు.

"స్తంభం మీద కళ్ళు తీగ మీద ఉండాలి. కిందికి చూసే తీరిక ఉండదు. కాలే చూసుకోవాలి. ముందు వేళ్ళు తాకి, ఇది గట్టిదేనా అని అడుగుతాయి. అవునంటేనే మిగతా బరువు వేసేవాణ్ణి. బూటు లోపల నుంచి కూడా వేళ్ళకి తెలిసేది. బూటు కాలికి అతుక్కుని ఉండేది కదా."

"మరి నా చెప్పుల్లో?"

"నీ చెప్పుల్లో వేళ్ళకి పని రెండింతలైంది. చెప్పు జారకుండా పట్టుకోవాలా, నేల జారకుండా పట్టుకోవాలా తెలీక తికమకపడ్డాయి పాపం."

బాబిన్ ఆ చారల వంక మళ్ళీ చూసింది. "అయితే ఒట్టి కాళ్ళతోనే తిరుగు తాతయ్యా. నేనేం అనుకోను."

"తాకి చూడు."

తాకింది. పాదం చల్లటి ఇనుప కడ్డీలా ఉంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి.

"ఇంకో గంట తిరిగితే ఇవి ఉన్నాయో లేదో నాకే తెలీదు. తెలీని కాలు కూడా పడేస్తుంది."

అమ్మ లోపలికి వెళ్ళి ఆయన పాత బూట్లు తెచ్చి, అడుగులు శుభ్రంగా తుడిచి ముందు పెట్టింది. ఒక్కొక్కటీ ఇటుకంత బరువు. "ప్రస్తుతానికి ఇవి. నడిచే పని తగ్గించు," అంది.

బాబిన్ నీలం చెప్పులు తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసింది. నాలుగు సాయంత్రాల కుట్టు. మొదటి పోగు తెంపేటప్పుడు చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు.

గాలి తగ్గాక వీధి చివర సైకిల్ షాపుకి వెళ్ళింది. షాపాయన్ని పిల్లలందరూ బాబాయ్ అంటారు. ఆయన ఒక చక్రం గిర్రున తిప్పి, ఒక కన్ను మూసి దాని వంకర చూస్తున్నాడు.

"బాబాయ్, పాత ట్యూబు ముక్క కావాలి."

"దేనికి? మీ అమ్మ చొక్కాలకి గాలి కొడుతుందా ఏంటి?"

"తాతయ్య చెప్పుల అడుగుకి."

ఆయన చక్రం ఆపాడు. రెండు కళ్ళూ తెరిచి ఆమె వంక చూశాడు. వీధంతా స్తంభం తాత అని పిలిచే తాతయ్య పడబోయిన సంగతి బాబిన్ కంటే ముందే వీధి చివరికి చేరినట్టుంది.

"ట్యూబు వద్దు. పొడిగా ఉంటే పట్టుకుంటుంది, తడి తగిలితే అదే జారుస్తుంది. ఉండు." బెంచీ కింద పరిచిన రబ్బరు చాపని లాగి అంచు నుంచి జానెడు ముక్క కోశాడు. పలుచగా ఉంది. అడ్డంగా సన్నటి గాట్లున్నాయి. "నూనె కారే చోట కూడా దీని మీద నేను ఎప్పుడూ జారలేదు. మరీ మందం వేయకు. మందమైతే నేల తెలీదు మనిషికి."

ఈసారి కొలత బూటు నుంచి తీసుకోలేదు. సాయంత్రం దాకా ఆగింది. రోజంతా తిరిగాక పాదం కొంచెం పొంగుతుందని అమ్మ చెప్పింది. నేల మీద కాగితం పరిచి తాతయ్యని నిలబడమంది. ఆయన బల్ల పట్టుకుని కాగితం మీద నిలబడ్డాడు. బరువు పడగానే పాదం పిండి ముద్దలా కొద్దిగా విచ్చుకుంది. కూర్చుని ఉన్నప్పటి పాదం వేరు, నిలబడ్డ పాదం వేరు. బాబిన్ పెన్సిల్ నిటారుగా పట్టుకుని అంచు వెంట గీసింది. అరికాలి పక్కన చర్మం కాయలు కాసి చెక్కలా గట్టిపడి ఉంది. పెన్సిల్ దాన్ని దాటేటప్పుడు కటుక్కుమని చిన్న చప్పుడైంది.

తాతయ్య పక్కకి తప్పుకున్నాక కాగితం మీద ఒక గీత మిగిలింది. ఎన్ని స్తంభాలు, ఎన్ని ఇళ్ళ దీపాలు ఈ గీత మీద నిలబడ్డాయో అనుకుంది. రెండు చేతులతో కాగితం ఎత్తి, మడత పడకుండా పట్టుకెళ్ళింది.

పని మూడు రోజులు పట్టింది. అడుగున గాట్ల రబ్బరు. పైన అదే ఉన్ని. మడమ వెనక గోడలా నిలబడే గట్టి బట్ట. పైన అంటించి బిగించుకునే పట్టీ. లూజు వదల్లేదు. అమ్మ ఈసారి ప్రతి వరసా తిరగేసి చూసింది. రబ్బరు కుట్టేటప్పుడు సూది రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ అమ్మే కొత్త సూది బిగించి ఇచ్చింది.

మూడో రోజు సాయంత్రం తాతయ్య అవి తొడుక్కున్నాడు. పట్టీ బిగించుకున్నాడు. అమ్మ పక్కనే నిలబడింది. గోడ నుంచి గోడకి వెళ్ళాడు. తిరిగి వచ్చాడు.

బాబిన్ ఆయన ముఖం చూడలేదు. కాళ్ళు చూసింది. మడమ తాకడం, తర్వాత అడుగంతా ఆనడం, వేళ్ళు వంగి నేలని వెనక్కి తోయడం చూసింది. చెప్పు కాలితోపాటే లేచి, కాలితోపాటే దిగుతోంది. కానీ కుడికాలు నేలని తాకడానికి ఒక్క వెంట్రుకవాసి ముందు తడబడుతోంది.

'బాగున్నాయా' అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

"ఎక్కడ పట్టట్లేదు తాతయ్యా?"

తాతయ్య ఆగాడు. ఆమె వంక చూశాడు. ఈసారి ఆ ముఖం మీద చదివి అప్పజెప్పడానికి ఏమీ లేదు.

"కుడి మడమ దగ్గర," అన్నాడు. "లోపలి కుట్టు కొరుకుతోంది."

"చాలా?"

"చాలా కాదు. కానీ కొరుకుతోంది."

"విప్పు."

ఆయన కుర్చీలో కూర్చుని కుడి చెప్పు విప్పి ఇచ్చాడు. బాబిన్ దీపం దగ్గరికి జరిగి మడమ కుట్టు మొత్తం విప్పింది. పెదవి బిగించలేదు, నిట్టూర్చలేదు. ముడి బయటి వైపుకి వచ్చేలా మళ్ళీ కుట్టింది. ఇచ్చింది. తాతయ్య నాలుగు అడుగులు వేసి ఆలోచించాడు.

"ఇంకా కొంచెం."

మళ్ళీ విప్పింది. లోపల మెత్తటి గుడ్డ ముక్క పెట్టి కుట్టింది. ఈసారి ఆయన గోడ దాకా వెళ్ళి వచ్చి, మడమ ఒకసారి నేలకి గట్టిగా నొక్కి చూసుకున్నాడు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

అమ్మ అప్పటికే అక్కడి బల్ల మీద అన్నం, ఉడికిన గుడ్లు పెట్టింది. పొయ్యి మీద సూప్ ఉంది. అమ్మ, బాబిన్ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. పోయినేడు పడ్డ తర్వాత తాతయ్యని పొయ్యి దరిదాపుల్లోకి ఎవరూ రానివ్వలేదు. ఆయన ఒక గిన్నె తీసుకుని గరిటెతో అంచు దాకా సూప్ పోశాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. అమ్మ లేవబోయింది. కుర్చీ చేతి మీద చెయ్యి పెట్టి, మళ్ళీ కూర్చుంది.

పొయ్యి నుంచి బల్లకి తొమ్మిది అడుగులు. తాతయ్య కళ్ళు గిన్నె మీద ఉన్నాయి. పాదాలు తమ దారి తాము చూసుకున్నాయి. సూప్ అంచు దాకా ఊగింది. ఒలకలేదు. ఆయన గిన్నె తెచ్చి బాబిన్ ముందు పెట్టి, తన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అమ్మ మిగతా ఇద్దరికీ వడ్డించింది. ముగ్గురూ తిన్నారు. బాబిన్ ఆ సూప్‌ని ఆఖరి చుక్క దాకా తాగింది.